ఎడమ పక్క సీటు

సాయంత్రం నాలుగింటికి మా బావని అరెస్టు చేస్తానని ఇన్‌స్పెక్టరు ఉదయం తొమ్మిదింటికే నాకు ఫోన్ చేసి చెప్పాడు. మర్యాద కోసం చెప్పలేదు, ఏడు గంటలపాటు నేను ఉడికిపోవాలని చెప్పాడు. వాడూ నేనూ ఒకే బ్యాచ్‌లో పోలీసు ట్రైనింగు చేశాం. వాడి భుజం మీద నక్షత్రాలు పెరిగాయి. నేను మధ్యలో బయటికొచ్చి ప్రైవేట్ డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నాను. వాడి యూనిఫారం చూస్తే ఇప్పటికీ నాకు కళ్ళు కుడతాయి. దాచుకోవడం అనవసరం, ఈ కేసంతా ఆ జబ్బు గురించే.

ఇంకా నిజం చెప్పాలంటే, బావని తీసుకుపోతారన్న మాట వినగానే ముందు నాకు భయం వెయ్యలేదు. లోపలెక్కడో చిన్న తృప్తి కలిగింది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్క. పదిహేనేళ్ళ కిందట ఈ పొట్టి మెకానిక్కు నవ్వుకుంటూ వచ్చి అక్కని పట్టుకుపోయాడు. ఆ తర్వాత మా నాన్నకి కూడా నాకంటే ఆయనే కొడుకయ్యాడు. ఆయన్ని తిట్టేవాళ్ళు ఇంతవరకూ నాకెక్కడా తగల్లేదు. నా ఏడుపంతా అదే.

అక్క ఇంటికి వెళ్ళేసరికి గుమ్మంలో నిలబడి ఉంది. నిద్రపోయిన మొహం కాదది. తన కారు తాళం నా చేతిలో పెట్టి, "మీ బావని తీసుకెళ్ళనివ్వకురా," అంది.

అక్క నా భుజం దాకా కూడా రాదు. ఆ పాత కారెక్కగానే నా మోకాళ్ళు వెళ్ళి స్టీరింగుకి కొట్టుకున్నాయి. సణుక్కుంటూ సీటు వెనక్కి తోసి తాళం తిప్పాను. బండి ఒక్క దూకు దూకి, ఎదురుగా ఉన్న పూలకుండీకి బెత్తెడు దూరంలో ఆగిపోయింది. గేర్లోనే వదిలేసింది, హ్యాండ్‌బ్రేకు కూడా వెయ్యలేదు. పాపం, దిగుల్లో మర్చిపోయి ఉంటుందనుకున్నాను.

కేసు ఇదీ. ఊరి బయట, వాడకుండా వదిలేసిన విమానాల రన్‌వే మీద ఒక కార్ల క్లబ్బు నడుస్తోంది. రోజూ వీధుల్లో తిప్పే సొంత కారునే ట్రాక్ మీద పద్ధతిగా, వేగంగా నడపడం అక్కడ నేర్పుతారు. గ్రూపుల వారీగా ట్రాక్ ఎక్కిస్తారు, కొత్తవాళ్ళకి రోజుకి రెండు సెషన్లు, ఇరవయ్యేసి నిమిషాలు, పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టరు తప్పనిసరి. ఆ రోజుకి మొదటిసారి ట్రాక్ ఎక్కే ముందు ప్రతి బండినీ మా బావ చూస్తాడు. చక్రాల నట్లు రెంచితో బిగిస్తాడు, ఒక్కో నట్టు మీద నుంచి చక్రం మీదికి పసుపు గీత గీస్తాడు, కార్డు మీద టైము వేసి సంతకం పెడతాడు.

మూణ్ణెల్లుగా క్లాసులకి వస్తున్న ఒక పళ్ళ డాక్టరు నిన్న శనివారం మొదటిసారి ట్రాక్ ఎక్కాడు. పదింటికి మొదటి సెషను ఏ గొడవా లేకుండా అయిపోయింది. పదకొండూ ఇరవైకి రెండోది. రెండో రౌండులో, మూడో మలుపు దగ్గర, ఎడమ ముందు చక్రం ఊడిపోయింది. బండి ఎడమ పక్కకి జారి గోడకి కొట్టుకుంది. డాక్టరుకి కాలూ రెండు పక్కటెముకలూ విరిగాయి, ప్రాణానికి భయం లేదు. బావ నట్లు బిగించకుండానే సంతకం పెట్టాడని ఇన్‌స్పెక్టరు అంటున్నాడు.

గేటు దగ్గర కెప్టెన్ నన్ను ఆపాడు. ఆయన క్లబ్బు అధ్యక్షుడు, ఓడల్లో పనిచేసి రిటైరయ్యాడు, ఇప్పుడు ఈ నేలనే ఓడలా నడుపుతున్నాడు. నిన్నటి ప్రమాదం తర్వాత పోలీసులు తప్ప సభ్యులు కానివాళ్ళెవరూ లోపలికి రాకూడదట. మనిషి చావు తప్పించుకున్నా రూలు తప్పకూడదట. సరే, ఆయనతో వాదించడం కంటే సభ్యుణ్ణవడమే సులువని ఫారం అడిగాను. ట్రాక్ అనుభవం అన్న చోట 'లేదు' అని రాశాను. ఎందుకు చేరుతున్నారు అన్న చోట చాలాసేపు ఆలోచించి 'బావ కోసం' అని రాశాను. కెప్టెన్ నా మణికట్టుకి పచ్చ పట్టీ కట్టి, కొత్తవాళ్ళ నియమాల కాగితం ఇచ్చి, రెండింటికి క్లాసుందని, రాకపోతే సభ్యత్వం రద్దని చెప్పాడు.

బావ తన షెడ్డులోనే ఉన్నాడు. బయట ఒక కానిస్టేబులు కాపలా. నన్ను చూడగానే ఆయన అడిగిన మొదటి మాట, "అక్క ఏమైనా తిందా?" నాకు ఒళ్ళు మండింది. జైలుకి పోబోయే మనిషి కూడా మంచివాడి వేషం వెయ్యాలా?

"నట్లు బిగించావా, లేదా?" అన్నాను.

"బిగించాను. ఎనిమిదిన్నరకి. ఒకటికి రెండుసార్లు."

"పదిన్నర నుంచి పదకొండుంబావు దాకా ఎక్కడున్నావు?"

మూడో గ్రూపు బళ్ళు చూస్తున్నానన్నాడు. మొత్తం పన్నెండు. తల ఎత్తడానికి కూడా తీరిక లేదన్నాడు. ఆఖరికి అక్క భోజనం డబ్బా తెచ్చిపెట్టినా చూసుకోలేదట. బండి కిందనుంచి బయటికి వచ్చేసరికి డబ్బా బల్ల మీద ఉందట. కార్డుల పెట్టె తెరిచి ఆ పన్నెండూ తీశాను. పదీ ఇరవైయైదు మొదలుకొని పదకొండూ పది దాకా, మూడు నాలుగు నిమిషాలకొకటి, ప్రతి దాని మీదా బావ సంతకం, పక్కన బండి యజమాని సంతకం. పన్నెండుమంది సాక్షులు. జేబులో పెట్టుకున్నాను. ఇంత సులువుగా ఆయన్ని విడిపించగలనన్న సంగతి నాకు పెద్ద సంతోషం కలిగించలేదు.

గేటు రిజిస్టరు చూశాను. పదిన్నర ప్రాంతంలో బయటినుంచి వచ్చింది ఇద్దరే. టైర్ల కొట్టు మనిషి వచ్చి ఐదు నిమిషాల్లో వెళ్ళిపోయాడు. రెండోది అక్క. లోపలికి పదీ ముప్ఫైయైదు, బయటికి పదకొండూ ఐదు, పని: భోజనం డబ్బా. డబ్బా ఇవ్వడానికి అరగంట. మొగుడి మొహం చూస్తే ఈవిడకి ఇల్లు గుర్తుండదు కాబోలని పళ్ళు నూరుకుని రిజిస్టరు మూసేశాను. కళ్ళలో నిప్పులు పోసుకున్న మనిషికి కళ్ళు సరిగ్గా కనపడవు. ఆ రోజు నా సంగతి అచ్చం అలాగే ఉంది.

డాక్టరు మొదటి సెషను తర్వాత బండి నిలిపిన చోటు పద్నాలుగో నంబరు గడి. ఎడమ పక్కన పాత టైర్లు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. కంకర మీద చక్రాల అచ్చులు ఇంకా చెరగలేదు. ఎడమ చక్రాల అచ్చుకీ టైర్లకీ మధ్య జానెడు సందు. షెడ్డులోంచి నట్లు విప్పే వీల్ స్పానరు తెచ్చి ఆ సందులో తిప్పి చూశాను. పావు చుట్టు కూడా తిరగలేదు. అంటే బండి అక్కడ ఉండగా ఎడమ పక్క నట్లు ఎవరూ విప్పలేరు. మోకాళ్ళ మీద కూచుని ఇంకాస్త వెతికితే ఇంకో జత అచ్చులు దొరికాయి. బండిని ఎవరో నాలుగడుగులు కుడికి తీసి, మళ్ళీ టైర్ల పక్కకే తెచ్చి పెట్టారు. తిరిగి పెట్టడంలో పొరపాటు రెండంగుళాలు కూడా లేదు. చెయ్యి తిరిగిన డ్రైవరే.

డాక్టరు, కొత్తవాళ్ళందరితో పాటు, పదీ ఇరవై నుంచి పదకొండూ పది దాకా క్లాసులో ఉన్నాడు. మిగతా జనమంతా కంచె దగ్గర నిలబడి రెండో గ్రూపుని చూస్తున్నారు. ఎవరైనా అడ్డొస్తే జరపడానికి వీలుగా తాళాలు బళ్ళలోనే వదలాలన్నది క్లబ్బు నియమం. అన్నీ కలిసొచ్చాయి.

తర్వాత గోడకి కొట్టుకున్న బండిని చూశాను. కుడి పక్క, అంటే డ్రైవరు పక్క, అద్దం పగిలింది, అంతే. ఎడమ తలుపు మాత్రం లోపలికి వచ్చి గేరు రాడ్డుని తాకుతోంది. ఆ పక్క సీటు పుస్తకం మూసినట్టు మూసుకుపోయింది. అందులో మనిషి ఉంటే ఆస్పత్రి దాకా తీసుకెళ్ళే అవసరం ఉండేది కాదు.

అక్కడే నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. విప్పినవాళ్ళు ఎడమ చక్రమే ఎందుకు ఎంచుకున్నారు? కుడి పక్క ఖాళీగా ఉంది, నట్లు చేతికందుతున్నాయి. పని కట్టుకుని బండి జరిపి మరీ ఎడమది విప్పారు. ఆ సీట్లో కూర్చోవలసిన మనిషి డాక్టరు కాదు.

ఆ సీటు మనిషే రెండింటికి మాకు క్లాసు చెప్పింది. ఇన్‌స్ట్రక్టరు ఆవిడ. పొడగరి, గొంతులో తొందరన్నదే లేదు, ఒంటి మీద ఎర్ర కోటు. ఆ కోటు క్లబ్బులో ఇన్‌స్ట్రక్టర్లకి తప్ప ఎవరికీ ఇవ్వరు. కాగితంలోని ఏడో నియమం దగ్గర ఆగి, అందరూ చేసే తప్పు ఇదేనని చెప్పింది. ట్రాక్ దిగాక బ్రేకులు కాలిపోతుంటాయి, అప్పుడు హ్యాండ్‌బ్రేకు వేస్తే పట్టేస్తాయి. కాబట్టి బండిని గేర్లో వదిలి, చక్రం కింద చెక్క దిమ్మ పెట్టాలి. కొత్తవాళ్ళు వీధి అలవాటుకొద్దీ హ్యాండ్‌బ్రేకు లాగేస్తారు. పాతవాళ్ళు ఇంటి దగ్గర కూడా వెయ్యడం మానేస్తారు.

క్లాసయ్యాక ఆవిణ్ణి పక్కకి పిలిచి, డాక్టరు ఏం చేశాడని అడిగాను.

"హ్యాండ్‌బ్రేకు లాగేసి న్యూట్రల్లో వదిలేశారు. నేను పక్కనే ఉన్నాను. కోప్పడ్డాను కూడా."

"రెండోసారి మీరెందుకు ఎక్కలేదు?"

"ఆయన చాలా బాగా నడిపారండీ. మొదటిరోజే ఒంటరిగా పంపడం ఇదివరకెప్పుడూ లేదు. క్లాసు చివర్లో, పదకొండూ పదికి, అప్పటికప్పుడు అనుకున్నాను. కెప్టెన్‌కి కూడా తర్వాతే చెప్పాను."

అంటే పదకొండూ పది దాకా ఆవిడ ఆ సీట్లో ఉంటుందనే లోకమంతా నమ్మింది. మీకెవరైనా శత్రువులున్నారా అని అడిగాను. ఆవిడ నవ్వి, తలుపు పక్కనున్న పాత ఫొటో చూపించింది. క్లబ్బు మొదటి బ్యాచ్. ఏడుగురు మగవాళ్ళ మధ్య హెల్మెట్టు చంకన పెట్టుకున్న ఒక పొట్టి అమ్మాయి.

"మీ అక్కగారే కదూ? బావగారికి నడపడం నేర్పింది ఆవిడేనట. ఈ ఏడు ఇన్‌స్ట్రక్టరు చోటుకి మేమిద్దరం పెట్టుకున్నాం. ఒక్కటే ఖాళీ. మీ బావగారి ఓటుతో నాకొచ్చింది. ఆవిడ మాత్రం ఏమీ అనుకోకుండా వచ్చి నాకు అభినందనలు చెప్పారు. పెద్ద మనసు."

నేను ఆ మాటలకి బావ మీద కోపం తెచ్చుకున్నాను. కట్టుకున్న భార్యకి ఓటెయ్యని మనిషిని అందరూ దేవుడంటారేమిటని. అంతకు మించి ఆలోచించలేదు.

మూడింటికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కెప్టెన్ గదిలో కాళ్ళు చాపుకుని కూచుని, నా చేతి పచ్చ పట్టీ చూసి, "ఏంటి గురూ, ఈ వయసులో రేసులా?" అన్నాడు. నా నోరు ఊరుకోలేదు. నట్లు పొద్దున్న వదులుగా ఉంటే మొదటి సెషన్లోనే ఊడేవన్నాను. పద్నాలుగో గడిలోని జానెడు సందు, రెండు జతల అచ్చులు, అన్నీ వరసగా చెప్పాను. బండిని ఎవరో జరిపారని, ఇది నిర్లక్ష్యం కాదని, కావాలని చేసిన పని అని బల్ల గుద్ది చెప్పాను. వాడికి తట్టనిది నాకు తట్టిందన్న సంబరంలో ఒక్క ముక్క కూడా దాచుకోలేదు.

వాడు ఓపిగ్గా విని, ఫోను తీసి నా ముందు పెట్టాడు. "థాంక్స్. నాకు సగమే అర్థమైంది ఇందాకటి దాకా. ఇది చూడు. డాక్టరు కారు వెనక సీట్లో పెట్టుకున్న కెమెరా. పదకొండూ పద్దెనిమిదికి ఆయనే ఆన్ చేశాడు."

చూశాను. డాక్టరు హెల్మెట్టు పెట్టుకుని తలుపు తీశాడు. ఎక్కాడు. మోకాళ్ళు స్టీరింగుకి కొట్టుకున్నాయి. ఏదో సణుక్కుంటూ సీటు వెనక్కి తోశాడు. తాళం తిప్పాడు. బండి ఒక్క దూకు దూకి ఆగిపోయింది.

"సీటు ముందుకుంది, అంటే నడిపింది పొట్టి మనిషి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "గేర్లో ఉంది, అంటే క్లబ్బులో పాతకాపు. స్పానరు వాడడం వచ్చినవాడు. మీ బావ ఎత్తెంత? నిర్లక్ష్యం కేసు పెడదామనుకున్నాను. నువ్వొచ్చి హత్యాయత్నం చేసిపెట్టావు."

పన్నెండు కార్డులు నా జేబులో ఉన్నాయి. తీసి వాడి మొహాన కొడితే చాలు. నా చెయ్యి జేబులోకి వెళ్ళింది, వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఆ వీడియో నేను పొద్దున్నే చూశాను. డాక్టరు బదులు నేనున్నాను, గోడ బదులు పూలకుండీ ఉంది. మిగతాదంతా మోకాళ్ళ దెబ్బతో సహా అదే.

అప్పుడు అరగంట గుర్తొచ్చింది. మొగుణ్ణి చూస్తూ నిలబడిపోయిందని నేను పళ్ళు నూరిన అరగంట. ఆయనేమో ఆమెని చూడనేలేదన్నాడు. ఆ రెండు సంగతులూ పొద్దున్న ఒకే గంటలో నాకు తెలిశాయి. అసూయ అడ్డం రాకపోతే అప్పుడే తేలిపోయేది.

"ఏం, మాట పడిపోయిందా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. నేను లేచి బయటికి వచ్చేశాను.

అక్క అప్పటికే అద్దె కారులో వచ్చింది. నేను నిలిపిన తన కారులో, ఎడమ పక్క సీట్లో, ఒళ్ళో భోజనం డబ్బా పెట్టుకుని కూచుంది. నేను డ్రైవరు సీట్లో కూచుని తలుపు వేశాను. మూడూ నలభై అయింది.

"డబ్బా పెట్టడానికి అరగంట పట్టిందా అక్కా?"

అక్క డబ్బా మూత బిగించింది, మళ్ళీ బిగించింది. చెప్పడం మొదలుపెట్టాక మాత్రం ఆపలేదు.

"బల్ల మీద పెట్టేసి ఆయన కాళ్ళ దగ్గర నిలబడ్డాను. బండి కింద పడుకుని ఎవరితోనో ఆవిడ గురించి చెప్తున్నాడు. ఆవిడ నేర్పితే రాయి కూడా మలుపు తిరుగుతుందట. పదిహేనేళ్ళ కిందట ఈ సీట్లో కూచుని ఆయనకి మలుపు తిప్పడం నేర్పింది నేనురా. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక మళ్ళీ వస్తానంటే, తప్పకుండా రా అన్నాడు. తీరా వస్తే ఓటు ఆవిడకి వేశాడు. ఎందుకని అడిగాను. నీకంటే ఆవిడ బాగా నేర్పుతుంది అన్నాడు. ఒక్క అబద్ధం చెప్పుంటే సరిపోయేది."

"డాక్టరు నీకేం చేశాడు?"

"అతని మొహం కూడా నాకు తెలీదు." అక్క డబ్బా మీద నుంచి చెయ్యి తీసేసింది. "పక్కన ఆవిడుంటుందనుకున్నాను. ఆవిడ దిగిపోతుందని నాకెవరు చెప్పారు?"

నాకు కోపం రాలేదు, అసహ్యం వెయ్యలేదు. ఆ మంట ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను నట్లు విప్పలేదు, అంతే తేడా. ఇంకో ఇరవై నిమిషాలు నోరు మూసుకుంటే బావ పోతాడు, అక్క మిగులుతుంది. పదిహేనేళ్ళుగా నేను కోరుకున్నది, సరిగ్గా అదే. ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే సిగ్గేసింది. అయినా చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు.

"ఈ నేరం ఆయన మీదికి తెచ్చాను కదరా," అంది అక్క. "కార్డు మీద ఆయన సంతకం ఉంటుందని నాకు తట్టనే లేదు."

ఎవరో అద్దం మీద కొట్టారు. ఇన్‌స్పెక్టరు. వెనక బావ, కానిస్టేబులు. "టైమయింది. నీ బండి నా జీపుకి అడ్డంగా ఉంది, తియ్యి."

నేను తాళం మీద చెయ్యి వేశాను. అక్క అప్పటికే దిగి చుట్టూ తిరిగి నా వైపు వచ్చింది. "నువ్వు దిగు, నేను తీస్తాను," అంది. వద్దని చెప్పాలి. చెప్పలేకపోయాను, దిగాను.

అక్క ఒక్క చేత్తో సీటు ముందుకి లాక్కుంది. బండిని ఒకే ఊపులో వెనక్కి తీసి, రెండు కార్ల మధ్య సందులో, అటూ ఇటూ అంగుళం తేడా లేకుండా పెట్టింది. దిగింది. అక్కడ పడున్న చెక్క దిమ్మని కాలితో చక్రం కిందికి తోసింది. తర్వాత తలుపు వెయ్యకుండా బార్లా తెరిచి వదిలేసి, ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి నిలబడింది.

అలవాటుకొద్దీ చేసిందో, తెలిసే చేసిందో నాకిప్పటికీ తెలీదు. ఇన్‌స్పెక్టరు జీపు ఎక్కబోయినవాడల్లా ఆగాడు. నెమ్మదిగా నడిచి వెళ్ళి, కారులోకి వంగి చూశాడు. ముందుకి జరిగిన సీటు చూశాడు. గేరు రాడ్డు పట్టుకుని కదిపాడు. కిందికే ఉన్న హ్యాండ్‌బ్రేకు మీద వేలు పెట్టాడు. లేచి నిలబడి అక్క వైపు కాకుండా నా వైపు చూశాడు. గెలిచినవాడి చూపు కాదది, అందుకే భరించలేకపోయాను.

జేబులోంచి పన్నెండు కార్డులూ తీసి వాడి చేతిలో పెట్టాను. వాడు ఒక్కొక్కటే టైములు చూసుకుంటూ తిప్పుతున్నాడు. బావకి ఇవేమీ అర్థం కావడంలేదు. జీపు పక్కన నిలబడి, అక్క చేతులు ఖాళీగా ఉండడం చూసి, కారులో సీటు మీద మూత తియ్యని డబ్బా చూసి, "నువ్వింకా తినలేదా?" అని అడిగాడు.